పాతిక వేల జీతంలో ఇల్లు: సరుకులు, గ్యాస్, అప్పు, పొదుపు - దేనికి ఏది మేలు

నెలకు పాతిక వేలు వచ్చే ఇంట్లో అద్దెకే ఏడెనిమిది వేలు పోతాయి. మిగిలిన దాంట్లోనే నలుగురి తిండి, పిల్లల ఫీజులు, కరెంటు, ఫోన్లు, బండి, పెద్దవాళ్ల మందులు. ఇలాంటి ఇళ్లకు సలహాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. బియ్యం బస్తాగా తీసుకోమంటారు, పప్పులు హోల్‌సేల్‌లో తెచ్చుకోమంటారు, రీఛార్జి ఏడాదికి వేయించుకోమంటారు. వాళ్ల లెక్క తప్పని కాదు. ఆ మొత్తం ఒక్కసారే కట్టడానికి ఇరవయ్యో తారీఖున చేతిలో ఏముంటుందో మాత్రం ఎవరూ అడగరు.

ఫోన్ రీఛార్జి సంగతే చూడండి. 28 రోజుల ప్లాన్‌ని మనం నెల ప్లాన్ అంటాం. ఏడాదికి వేయించేది మాత్రం 12 సార్లు కాదు, 13 సార్లు. 84 రోజుల ప్లాన్ రోజు లెక్కన చూస్తే సాధారణంగా చవక పడుతుంది. ఏడాదిది ఇంకా చవక. ఇది తెలియని ఇల్లాలు లేదు. తెలిసి కూడా 28 రోజులదే వేయిస్తారు, ఎందుకంటే ఆ పూట ఉన్నవి మూడు వందలే. ఇంట్లో డబ్బు తక్కువైనకొద్దీ ప్రతి వస్తువుకూ కాస్త ఎక్కువ ధరే కట్టాల్సి వస్తుంది.

కాబట్టి ఈ పోలికలో దేన్ని తీసుకున్నా రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఏడాది మొత్తం మీద ఎంత పడుతుంది? ఆ డబ్బు ఏ తారీఖున, ఒక్కసారిగా ఎంత చేతిలోంచి వెళ్తుంది? రెండో ప్రశ్నను వదిలేసి మొదటిదే చూస్తే, చవక సరుకును అప్పు చేసి కొన్నట్టే అవుతుంది.

ఏ మార్పు చేయాలన్నా ముందు ఇంట్లో రొటేషన్‌కు కొంత డబ్బుండాలి. రెండు, మూడు వేలు చాలు. దీన్ని పొదుపులో కలపకండి. వడ్డీ కోసం ఎక్కడా వేయకండి. మన అమ్మమ్మలు పోపుల డబ్బాలో దాచిన డబ్బు ఇలాంటిదే. దాన్నుంచి 84 రోజుల రీఛార్జికి తీశారనుకోండి. ఇదివరకు నెలనెలా రీఛార్జికి పెట్టే డబ్బును మూడు నెలలూ తిరిగి డబ్బాలో వేయాలి. మూడో నెలకి డబ్బా నిండుతుంది, పైన ఇంకొంత మిగులుతుంది. ఆ మిగులుతో ఇంకో మార్పు. మొదటి రెండు వేలు కూడేది ఎలాగంటే, జీతంలోంచి తీయడం కష్టమే. దసరా బోనసు, ఓవర్‌టైమ్, బ్యాంకు ఖాతాలో మనం గమనించకుండానే పడిన గ్యాస్ రాయితీ, పాత సామాను అమ్మిన డబ్బు, ఇలా జీతం కానిది ఏది వచ్చినా ముందు డబ్బాలోకి వెళ్లాలి.

సరుకులు: ఖాతా, మార్టు, హోల్‌సేలు

వీధి చివర కిరాణా కొట్లో "అక్కా, రాసుకోనా?" అని అడిగే అలవాటు ఇంకా పోలేదు. నెలంతా తెచ్చుకుని, ఒకటో తారీఖున జీతం పడగానే కట్టడం. దీనికి వడ్డీ ఉండదు. కానీ ఖాతా ఉన్నచోట మనం రేటు అడగం. కందిపప్పు కిలో ఎంత వేశాడో పుస్తకంలో చూసుకునేవాళ్లు తక్కువ. మార్టు ధరతో పోలిస్తే ఒక్కో వస్తువు మీద అయిదో పదో ఎక్కువే పడుతుంది.

మార్టులో ఎమ్మార్పీ మీద తగ్గింపు ఉన్న మాట నిజమే. లెక్క వేద్దాం. నాలుగు వేల సరుకుల చీటీ మీద ఎనిమిది శాతం తగ్గిందనుకుంటే 320 రూపాయలు మిగిలాయి. రానూపోనూ ఆటోకి 150. ట్రాలీ తోసుకుంటూ తిరిగేటప్పుడు చీటీలో లేని ఒక బిస్కెట్ పెద్ద ప్యాకెట్, ఒక ప్లాస్టిక్ డబ్బా, ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న సబ్బుల కట్ట పడ్డాయంటే ఆ 170 కూడా పోయినట్టే. పైగా నాలుగు వేలూ ఆ రోజే కట్టాలి. నెల మధ్యలో జ్వరం వచ్చినా, పిల్లాడికి పుస్తకాలు కావాలన్నా ఆ డబ్బు సరుకుల రూపంలో అలమరాలో ఉంటుంది తప్ప చేతికి రాదు.

నా సలహా ఇది. మార్టుకు నెలకోసారి, జీతం పడిన వారంలో, పిల్లల్ని తీసుకెళ్లకుండా, చీటీతో వెళ్లండి. చీటీలో తేడా ఎక్కువగా కనిపించేవే రాసుకోండి: వంట నూనె, పప్పులు, బట్టల సబ్బు, సర్ఫు, టీ పొడి. ఉప్పు, ఆవాలు, అగ్గిపెట్టె లాంటి వాటికి తేడా రూపాయల్లోనే ఉంటుంది, వాటిని వీధిలోనే కొనండి. కిరాణా ఖాతాను మాత్రం మూసేయొద్దు. అందులో వెయ్యి దాటకూడదని మీకు మీరే గీత గీసుకుని, ఒకటో తారీఖున తప్పకుండా కడుతూ ఉండండి. ఉద్యోగం పోయిన నెలలో, ఆసుపత్రిలో ఉన్న వారంలో బియ్యం, పప్పు అప్పుగా ఇచ్చేది ఆ కొట్టు ఒక్కటే. ఆ నమ్మకం విలువను ఏ తగ్గింపుతోనూ లెక్కగట్టలేం. నేనైతే దానికోసం నెలకు వంద ఎక్కువైనా కడతాను.

ప్యాకెట్ కొనేటప్పుడు ఒక్క చూపు ఎమ్మార్పీ పక్కనే ఉండే చిన్న అంకె మీద పెట్టండి. ప్యాకెట్ మీద గ్రాముకు ఎంత, కిలోకు ఎంత, మిల్లీలీటరుకు ఎంత అన్నది కూడా ముద్రించాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. నూనె దగ్గర ఇది బాగా పనికొస్తుంది. లీటరు నూనె బరువు దాదాపు 910 గ్రాములు. లీటరు ప్యాకెట్‌లాగే కనిపిస్తూ 850 గ్రాములో, ఇంకా తక్కువో ఉండేవి పక్కపక్కనే పెడతారు. ధర పది రూపాయలు తక్కువని తీసుకుంటే, గ్రాము లెక్కన ఎక్కువే కట్టి ఉండొచ్చు. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకన్నది కూడా నిజం కాదు. షాంపూల్లో చాలాసార్లు రూపాయి సాషేలే సీసా కన్నా చవక పడతాయి. ఆ చిన్న అంకె చూసి తేల్చుకోండి.

హోల్‌సేల్ అంటే హైదరాబాద్‌లో బేగంబజారు, విజయవాడ వాళ్లకు గొల్లపూడి, విశాఖలో పూర్ణా మార్కెట్. పప్పులు, చింతపండు, ఎండుమిర్చి, పసుపు ఇక్కడ నిజంగానే తేడాగా ఉంటాయి. కానీ ఒక్క కుటుంబానికి పది కిలోల కందిపప్పు తెచ్చుకుంటే డబ్బు ఇరుక్కుంటుంది, పైగా పురుగు పట్టే ప్రమాదం. ఇది ముగ్గురు నలుగురు కలిసి చేయాల్సిన పని. ఒకే వాకిట్లో అద్దెకుండే మూడు ఇళ్లవాళ్లు కలిసి, మూడు నెలలకోసారి ఒకరు వెళ్లి తెచ్చి, అక్కడికక్కడే తూకం వేసి పంచుకుంటే బస్సు ఛార్జీ కూడా పంచుకున్నట్టవుతుంది. చింతపండు, ఎండుమిర్చి ఏడాదికి ఒకసారి, కొత్త పంట దిగే వేసవి మొదట్లో తీసుకోవడం మేలు.

బియ్యం సంగతి రేషన్ కార్డును బట్టి మారుతుంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి కార్డులో ఉన్న ఒక్కొక్కరికీ ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురికి 24 కిలోలు. అంటే దాదాపు ఒక బస్తా. పూర్వంలా దొడ్డుబియ్యం తినలేక పదికీ పదిహేనుకీ అమ్ముకుని బయట సోనామసూరి కొనాల్సిన అవసరం ఇప్పుడు లేదు. ఇంట్లో పెళ్లయి వచ్చిన కోడలి పేరో, పుట్టిన బిడ్డ పేరో కార్డులో ఇంకా ఎక్కించకపోతే, ఈ వ్యాసంలో మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్ నుంచి ఇంటింటికీ రేషన్ తెచ్చే బండ్లు పోయి మళ్లీ చౌకధరల దుకాణాలే వచ్చాయి.

కూరగాయలు

రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి. ఉదయమే బోర్డు మీద ఆ రోజు ధర రాస్తారు. తోపుడు బండివాడు ఎంత చెబుతున్నాడో పోల్చుకోవడానికి అదే కొలబద్ద. 2023 జులైలో టమాటా కిలో నూట యాభై దాటినప్పుడు ఆంధ్రప్రదేశ్ రైతు బజార్లలో ప్రభుత్వం రాయితీ మీద కిలో 50కి అమ్మించింది. క్యూలు ఉన్నా చాలా ఇళ్లు ఆ నెల గట్టెక్కింది అలాగే.

అయినా అందరికీ రైతు బజారే మేలని అనను. ఫ్రిజ్ లేని ఇల్లయితే వారానికి సరిపడా తెచ్చి సగం వాడిపోతే లాభమేముంది? ఫ్రిజ్ లేకపోతే ఉల్లి, బంగాళాదుంప, కంద, దోసకాయ, గుమ్మడి లాంటి నిలవ ఉండేవి రైతు బజారులోనో వారపు సంతలోనో తెచ్చుకోండి. ఆకుకూరలు, టమాటా, బెండకాయ ఏ రోజుకారోజు బండి దగ్గర పావు కిలో తీసుకోండి. బండివాడు పావు కిలో తూస్తాడు, కొసరుగా కరివేపాకు వేస్తాడు, తెలిసిన మనిషైతే రేపు ఇమ్మంటాడు. ఆ సౌకర్యానికి కిలోకి అయిదు ఎక్కువ పడినా నష్టం లేదు. సంతకు వెళ్లగలిగితే సాయంత్రం చీకటి పడే వేళకు వెళ్లండి. మిగిలిన కూరగాయలు ఇంటికి మోసుకెళ్లడం ఇష్టం లేక కుప్పలుగా పెట్టి ఇచ్చేస్తుంటారు. ఏరుకోనివ్వరు, కాబట్టి ఆ పూటో మర్నాడో వండేసే కూరలకే అది పనికొస్తుంది.

గ్యాసా, ఇండక్షనా

ఇది జాగ్రత్తగా లెక్క వేయాల్సిన చోటు. ఇక్కడ ఒక్క యూనిట్ తేడా వెయ్యి రూపాయల బిల్లు తెస్తుంది.

14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడిలో గ్యాస్ పొయ్యి మీద గిన్నెకు చేరేది అరవై శాతం చుట్టూ. మిగతాది గిన్నె పక్కల నుంచి గాల్లో కలుస్తుంది. ఇండక్షన్ మీద ఎనభై అయిదు శాతం దాకా గిన్నెకు చేరుతుంది. ఈ లెక్కన ఒక సిలిండర్ చేసే వంటకు ఇండక్షన్ మీద సుమారు 125 యూనిట్ల కరెంటు కావాలి. సిలిండర్ 900 అనుకుంటే యూనిట్ ఏడు రూపాయల కన్నా తక్కువకు పడినంతవరకు ఇండక్షన్ చవక, దాటితే గ్యాస్ చవక. మీ బిల్లులో సగటు ధర కాకుండా, ఆఖరి శ్లాబు ధర ఎంత ఉందో చూడండి. అదనంగా కాల్చే ప్రతి యూనిట్ పడేది ఆ శ్లాబులోనే.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, ఆ పైన 400 దాకా 8.75. సర్దుబాటు ఛార్జీలు కలిస్తే ఆరు రూపాయల శ్లాబులోనే తేడా దాదాపు కరిగిపోతుంది, ఇక 225 దాటిన ఇంట్లో ఇండక్షన్ దండగ. అర్హత ఉన్న కుటుంబాలకు దీపం 2 కింద 2024 దీపావళి నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఆ మూడూ వాడుకోవడం తేలిక, ఇండక్షన్ కోసం ఖర్చు పెట్టక్కర్లేదు. కాకపోతే ముందు మనం కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. ఆ తొమ్మిది వందలూ పోపుల డబ్బాలోంచి తీయండి. జమ అయిన రోజే మళ్లీ అందులో వేయండి.

తెలంగాణలో కథ వేరు. రేషన్ కార్డు ఉండి గృహజ్యోతి వర్తించే ఇంటికి 2024 మార్చి నుంచి 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 201 అయితే మొత్తానికీ కట్టాలి. అదీ పై శ్లాబులో: మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020, ఆ పైన యూనిట్‌కు 7.70. ఇప్పుడు నెలకు 120 యూనిట్లు కాల్చే ఇల్లు తీసుకుందాం. సిలిండర్ 45 రోజులు వస్తుంది. వంట మొత్తం ఇండక్షన్‌కు మారిస్తే నెలకు ఎనభై అయిదు యూనిట్లు పెరిగి 205 అవుతుంది. గ్యాస్ మీద నెలకు 600 మిగులుతుందని సంబరపడేలోపు వెయ్యి దాటిన కరెంటు బిల్లు చేతికొస్తుంది. అదే ఇల్లు సగం వంటే ఇండక్షన్ మీద చేస్తే 160 యూనిట్ల దగ్గర ఆగుతుంది, బిల్లు సున్నాయే, సిలిండర్ 90 రోజులు వస్తుంది. నెలకు 300 ఆదా. రెండు వేల ఇండక్షన్ పొయ్యి ఏడు నెలల్లో దాని ఖరీదు తీర్చేస్తుంది. సిలిండర్ 500కే పడేలా రాయితీ వచ్చే ఇంట్లో ఆదా అంత ఉండదు, ఖరీదు తీరడానికి ఏడాది పడుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో కూలర్ పెట్టుకునే ఇళ్లవాళ్లు ఆ రెండు నెలలూ ఇండక్షన్‌ను అటక మీద పెట్టేయడమే మంచిది. పదిహేనో రోజున ఒకసారి మీటరు చూసి రాసుకుంటే ఎటు పోతున్నామో తెలుస్తుంది. అద్దె ఇళ్లకూ ఈ పథకం ఉంది, కానీ రెండు వాటాలకు ఒకే మీటరు ఉంటే 200 ఇట్టే దాటుతుంది. ఇల్లు మారేటప్పుడు అద్దె ఎంతో అడిగినట్టే విడి మీటరు ఉందా అని అడగండి.

కరెంటు పై శ్లాబు దాటని ఇంట్లో స్నానాల వేడినీళ్లు గ్యాస్ మీద కాచడం మంచిది కాదు. ఒక బకెట్‌కు అరవై గ్రాముల గ్యాస్ పోతుంది. నలుగురున్న ఇంట్లో రోజూ కాస్తే రెండు నెలల్లో ఒక సిలిండర్ ఒట్టి నీళ్లకే అయిపోతుంది. హీటర్ రాడ్డుతో బకెట్‌కు అర యూనిట్ చాలు.

బండి, బస్సు

ఆడవాళ్లకు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. కాబట్టి ఇంట్లో హోల్‌సేల్ మార్కెట్‌కు, ఆసుపత్రికి, రైతు బజారుకు వెళ్లే పని వాళ్ల మీద పడుతోంది. ఖర్చు లేదు కదా అని వాళ్ల టైమును కూడా ఉచితం కింద లెక్కేయకండి. గంటన్నర బస్సులో నిలబడి నలభై రూపాయలు మిగిల్చే ప్రయాణం అవసరమా అని ఇంట్లో అందరూ ఆలోచించాలి.

మగవాళ్ల విషయానికొస్తే, రోజుకు రానూపోనూ 40 కిలోమీటర్లు, లీటరుకు 45 వచ్చే బండి, నెలకు 26 రోజులు. పెట్రోలే దాదాపు రెండున్నర వేలు అవుతుంది. హైదరాబాద్ సిటీ ఆర్డినరీ నెల పాసు 2025 జూన్ పెంపు తర్వాత 1,400. తేడా వెయ్యి పైనే. అయినా చాలామంది బండినే నమ్ముకునేది వంద రూపాయల పెట్రోలు కొట్టించుకోగలరు కాబట్టి, పాసుకు పద్నాలుగు వందలు ఒక్కసారే పెట్టలేరు కాబట్టి. డబ్బాలో రొటేషన్ డబ్బుకు ఇది మంచి వాడకం. డ్యూటీ రాత్రి పదకొండుకు దిగేవాళ్లకూ, బస్సు దిగాక మళ్లీ ఆటో ఎక్కాల్సినవాళ్లకూ బండే మేలు.

అప్పు తప్పనప్పుడు

జూన్‌లో బడి ఫీజుకు ఇరవై వేలు కావాలనుకోండి. ఏడాది లోపు తీర్చాలి. ఎవరి దగ్గర తీసుకోవాలన్నది ఈ మొత్తం బడ్జెట్‌లో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. సరుకుల్లో నెలంతా కష్టపడి మిగిల్చింది ఇక్కడ ఒక్క సంతకంతో పోతుంది.

మహిళా సంఘంలో ఉంటే ముందు అదే అడగండి. నూటికి రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం పడిందనుకున్నా, నెలనెలా కిస్తీలుగా తీరుస్తారు కాబట్టి ఇరవై వేలకు ఏడాదికి వడ్డీ 1,300 చిల్లరే. స్త్రీనిధి అప్పు కూడా సంఘం ద్వారానే. సకాలంలో కట్టినవాళ్లకు వడ్డీ వెనక్కి ఇచ్చే పథకాలు ఉన్నాయి గానీ, ఆ జమను నమ్ముకుని బడ్జెట్ వేసుకోకండి. సంఘం అప్పుతో వచ్చే ఇబ్బంది టైము. తీర్మానం, సంతకాలు, మీ వంతు. జూన్ ఫీజుకు ఏప్రిల్ సమావేశంలోనే చెప్పి ఉంచాలి.

బ్యాంకులో బంగారం తాకట్టు పెడితే పది శాతం చుట్టూ పడుతుంది, అదే రోజు డబ్బు చేతికొస్తుంది. ఇరవై వేలకు ఆరు నెలల్లో తీరిస్తే వెయ్యి. ప్రైవేటు కంపెనీల్లో వడ్డీ ఎక్కువ ఉండొచ్చు, పైగా కిస్తీ తప్పితే వడ్డీ శాతం మారే షరతులు ఉంటాయి, ఆ కాగితం చదివించుకోండి. బంగారం అప్పులో కష్టం ఏటా వడ్డీ మాత్రం కట్టి తిరగరాసే అలవాటు. నాలుగేళ్లు అలా తిరగరాసిన గొలుసుకు వడ్డీగా కట్టింది చూసుకుంటే గుండె తరుక్కుపోతుంది. నెలకు వెయ్యి అయినా అసలులో జమ చేసుకుంటారా అని పెట్టేటప్పుడే అడగండి. చాలా బ్యాంకుల్లో తీసుకుంటారు.

ఫైనాన్స్ కంపెనీవాళ్లు "ఏడాదికి పన్నెండే" అన్నప్పుడు అది ఫ్లాటా, తగ్గే అసలు మీదా అని ఒక్క మాట అడగండి. ఫ్లాట్ అయితే నెలనెలా అసలు తీరుతున్నా మొదటి రోజు మొత్తం మీదే వడ్డీ వేస్తారు. ఇరవై వేలకు 2,400. సంఘం లెక్కలో ఇది ఇరవై ఒకటి, ఇరవై రెండు శాతంతో సమానం. ప్రాసెసింగ్ ఛార్జీ అదనం.

వీధిలో నూటికి మూడు అంటే నెలకు 600. ఏడాదికి 7,200 కట్టాక కూడా అసలు ఇరవై వేలు అలాగే ఉంటుంది. అడిగిన గంటలో ఇస్తారన్న ఒక్క కారణంతో దీనికి లొంగిపోతాం. తప్పనిసరైతే వారం పది రోజులకు, సంఘం డబ్బు వచ్చేదాకా వంతెనలా వాడండి, అంతకన్నా ఎక్కువ వద్దు. తోపుడు బండి పెట్టుకున్నవాళ్లకు రోజువారీ ఫైనాన్స్ ఇంకా దారుణం. పదివేలు రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు, వంద రోజులు రోజుకు వంద. చూడటానికి వెయ్యే కదా అనిపిస్తుంది. రోజూ తీరుతున్న అసలు మీద ఏడాది లెక్క వేస్తే ఎనభై శాతం దాకా పోతుంది. తోపుడు బండ్లవాళ్లకు, వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి ఉంది. మొదటి విడతగా ఇదివరకు పదివేలు ఇచ్చేవారు, 2025లో దాన్ని పదిహేను వేలు చేశారు. సకాలంలో తీరిస్తే వడ్డీలో ఏడు శాతం రాయితీ. మున్సిపల్ ఆఫీసులో గుర్తింపు కార్డు కోసం తిరగడానికి రెండు రోజుల సంపాదన పోయినా ఫరవాలేదు, అంత తేడా ఉంది.

ఫోన్‌లో యాప్ అప్పుల గురించి: మీ కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగిందంటే అక్కడితో ఆపేయండి. అప్పిచ్చే యాప్‌లు వాటి జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. ఆ నియమం పాటించనివాళ్లు వసూలులో ఏం పాటిస్తారు?

దాచుకునేది ఎక్కడ

చిట్టీ పొదుపా, అప్పా అన్నది మీరు ఎప్పుడు పాడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇరవై మంది, నెలకు అయిదు వేలు, లక్ష చిట్టీ. ఒకరు పాతిక వేలు తగ్గించి పాడితే 75 వేలు తీసుకుంటారు. ఆ పాతికలో కమిషన్ అయిదు వేలు పోగా మిగిలిన ఇరవై వేలు ఇరవై మందికి తలా వెయ్యి. మొదట్లో పాడినవాళ్లకు అది ఖరీదైన అప్పు. చివరిదాకా ఆగినవాళ్లకు మంచి పొదుపు, కానీ నడిపేవాళ్లు నిలబడితేనే. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్ట్రార్ ముందస్తు అనుమతి లేకుండా చిట్టీ నడపడం నేరం. ఆ అనుమతి నంబరు అడగండి. "మనవాళ్లే" అన్న మాటతో ఊళ్లకు ఊళ్లు మునిగిన సంగతి మనకు తెలుసు.

పోస్టాఫీసు ఆర్డీ, అంటే నెలనెలా కొంత కట్టే పొదుపు ఖాతా, అయిదేళ్లది, వడ్డీ 6.7 శాతం. నెలకు వెయ్యి వేస్తే అయిదేళ్లకు దాదాపు 71 వేలు. నెలకు వందతోనూ మొదలుపెట్టొచ్చు. ఏడాది కట్టాక అందులో సగం దాకా అప్పుగా తీసుకునే వీలుంది. బడ్జెట్ బిగువుగా ఉన్న ఇంటికి నేను మొదట చెప్పేది ఇదే. చిట్టీలోలా ఒక నెల తప్పితే నలుగురిలో మాట పడదు, జరిమానా కూడా చిన్నదే. బంగారం షాపుల పదకొండు నెలల స్కీము, ఇంట్లో పెళ్లి ఉండి నగ కచ్చితంగా కొనాల్సినవాళ్లకు తరుగు, మజూరీ కలిసొస్తాయి కాబట్టి సరే. కొనే పని లేనివాళ్లకు వద్దు. మధ్యలో అవసరం పడితే డబ్బు తిరిగి రావడం కష్టం.

మందులు

డబ్బాలో రొటేషన్ డబ్బు లేకపోయినా ఈ రోజే చేయగల మార్పు ఇదొక్కటే. అత్తగారికో నాన్నకో బీపీ, షుగర్ ఉంటే నెలకు వెయ్యి, పదిహేను వందలు మెడికల్ షాపుకే పోతాయి. చీటీ మీద ఉన్న బ్రాండ్ పేరు కాకుండా లోపలి మందు పేరు చూడండి: మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, అటోర్వాస్టాటిన్ లాంటివి. జన ఔషధి కేంద్రంలో ఇవే మందులు బ్రాండ్ ధరలో సగానికి, కొన్ని ఇంకా తక్కువకు దొరుకుతాయి. మిల్లీగ్రాములు సరిగ్గా అవే ఉన్నాయా, ఒకే మాత్రలో రెండు మందులు కలిసి ఉన్నాయా అన్నది డాక్టర్‌కు చూపించి మార్చండి. థైరాయిడ్, మూర్ఛ మాత్రలను మాత్రం డాక్టర్ చెప్పకుండా ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చకండి.

అది కూడా భారమైతే హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు, ఆంధ్రలో పట్టణ ఆరోగ్య కేంద్రాలు, ఊళ్లలో పీహెచ్‌సీలు బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగా ఇస్తాయి. ఒక్కోసారి స్టాకు ఉండదు. అందుకని ఇంట్లో పది రోజుల మాత్రలు మిగిలి ఉండగానే, పాత చీటీ, ఆధార్ తీసుకుని వెళ్లి అడగండి.